గణపయ్య ముక్కు, నాగవేణి దగ్గు

తీర్థహళ్లి వానల్లో పుట్టి పెరిగిన ముక్కులను నేను చాలా చూశాను గానీ గణపయ్య హెగ్డే ముక్కులాంటిది ఇంకొకటి లేదు, ఉండదు, ఉందని ఎవరైనా అంటే వాళ్ల ముక్కుకే ఏదో అయిందని అర్థం. ఏటి అవతలి ఒడ్డున వక్కతోటకు కుళ్లు తెగులు తగిలితే, ఇవతల అరుగు మీద కషాయం తాగుతూ, "శేషగిరీ, పల్లం పక్క చెట్టు, గెల అడుగున చూసుకోరా!" అని కేక వేసిన ముక్కు అది. గుమ్మం దగ్గర వదిలిన తడి గొడుగును వాసన చూసి, వచ్చిన చుట్టం ఏ దారిన వచ్చాడో, దారిలో ఎవరింట్లో దోసె తిన్నాడో చెప్పిన ముక్కు. ఆ ముక్కును పైకప్పు వైపు నిలబెట్టి, ఆషాఢమాసపు మధ్యాహ్నం, పడకగదిలో మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు గణపయ్య. బయట వాన. ఇంట్లో మరదలి కూతురు చైత్ర, సబ్బుపెట్టెంత యంత్రం పట్టుకుని గోడలకు సూదులు గుచ్చుకుంటూ తిరుగుతోంది.

"నేను లేవను," అని ముందే చెప్పేశాడు ఆ పిల్లతో. "వెతుక్కునేదేదో నా చుట్టూ వెతుక్కో. ఈ ఇంట్లో బూజుంటే మొదట తెలిసేది నాకు. నీ పెట్టెకు కాదు."

"అలాగే పెదనాన్నా, పడుకోండి. మీకే పట్టిందేమో ఆఖర్న చూస్తాను," అని వంటింట్లోకి పోయింది చైత్ర.

ఎంత నోరు, అనుకున్నాడు గణపయ్య, చిత్రదుర్గం నోరు, రాళ్లు తప్ప ఏమీ పండని ఊళ్లో పుట్టిన నోరు, ఏడాదికి నాలుగు చినుకులు పడితే హారతి పట్టే జనం వీళ్లు, వీళ్లా తడి గురించి నాకు చెప్పేది, నేను పుట్టిన రోజు మొదలైన వాన బారసాల దాటినా తెరిపివ్వలేదని అమ్మ చెప్పేది, ఉయ్యాల కింద పుట్టగొడుగులు మొలిస్తే వాటినే కూర వండి బారసాలకు వచ్చినవాళ్లకు పెట్టారట, అలాంటి ఇంట్లోకి యంత్రం పట్టుకొచ్చింది, బెంగుళూరులో దీనికి ఉద్యోగమట, ఇల్లు కొనేవాళ్ల తరఫున వెళ్లి గోడలు తట్టి గొట్టాలు చూసి ఆ ఇల్లు మంచిదో కాదో చెప్పే ఉద్యోగం, చెప్పినందుకు జీతం, మా నాన్న ఇల్లు కట్టేముందు ఆవును తోలి అది ఎక్కడ పడుకుంటే అక్కడ ముగ్గు పోశాడు, ఆ ఆవుకు ఎవరిచ్చారు జీతం, గడ్డి మేసి ఊరుకుంది, దీనిలాగా బస్సు దిగుతూనే మొహం చిట్లించలేదు. వంటింట్లో యంత్రం కీచుమంది. మళ్లీ కీచుమంది. వానాకాలంలో గోడ తడిగా ఉందని చెప్పడానికి ఒక యంత్రం, అది కీచుమంటే ఆశ్చర్యపోవడానికి ఒక మనిషి, ఇక కప్ప తడిగా ఉందా లేదా చూడటానికి ఇంకో యంత్రం కనిపెడతారు కాబోలు, ఆ పిల్ల వెనక మా పాలేరు మంజ నడుస్తున్న చప్పుడు, వాడొకడు, వక్కచెట్లు ఎక్కి మందు కొట్టడానికి రమ్మంటే వాన పడుతోందని దిగిపోయాడు, ఇప్పుడు ఆ పిల్లకు టార్చి పట్టుకుని దారి చూపిస్తున్నాడు, నా ఇంట్లో నా గోడలకు దారి, వాడికి చెట్టు మొదలేదో కొస ఏదో నేను నేర్పాను, ఇప్పుడు నా మీదే వీడు సాక్షి.

అంతా పెళ్లాం నాగవేణి దగ్గు తెచ్చిన తంటా. కిందటేడాది వానల్లో మొదలైంది, పొడి దగ్గు, తెల్లవారుతూనే, మాట మధ్యలో, తులసికోట దగ్గర ప్రదక్షిణం మధ్యలో, మొదట్లో కషాయంలో మిరియాలు తక్కువయ్యాయన్నాడు గణపయ్య, తర్వాత ఎక్కువయ్యాయన్నాడు, ఎండాకాలంలో కాస్త తగ్గింది, చెప్పానా అన్నాడు, ఈ ఏడు వానలు రాగానే రెట్టింపుతో వచ్చింది, రాత్రిళ్లు కూర్చునే నిద్ర, మెట్టు ఎక్కితే ఆయాసం, చివరికి చెల్లెలింటికి పోయొస్తానని దుర్గం పోయింది, పోయిన నాలుగో రోజుకు దగ్గు లేదు, ఫోన్‌లో గొంతు పెళ్లినాటి గొంతు, కోట మెట్లు ఎక్కానండీ అని చెప్పింది, పైన గాలి ఎంత బాగుందో అని చెప్పింది, ఆ గాలిలో ఏముందే దుమ్ము తప్ప అని ఫోన్ పెట్టేశాడు. ఇంటికొచ్చింది. రెండో రోజుకు మళ్లీ దగ్గు. మళ్లీ పోయింది, మళ్లీ తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ దగ్గింది. ఇందులో అర్థం కానిదేముంది, మొగుడి మొహం చూస్తే వచ్చే దగ్గు, అంతే, ఇన్నేళ్లు కాపురం చేసి ఇప్పుడు గొంతుకు తెలిసొచ్చింది కాబోలు ఎవర్ని కట్టుకుందో, ఈ మాట పైకి అనలేదు గణపయ్య, ఎవరితోనూ అనలేదు, మంచం మీద ఒంటరిగా పడుకున్నప్పుడు మాత్రం ఈ మాట ఛాతీ మీద కూర్చుంటుంది, లేపినా లేవదు. శివమొగ్గ డాక్టరు ఛాతీ ఫోటోలు తీసి చూశాడు. అమ్మా, మీ ఇంట్లో ఎక్కడో కంటికి కనబడని చోట బూజుంది, దాని పొడి మీరు పీలుస్తున్నారు, అది దొరికేదాకా ఆ ఇంటికి పోకండి, ఇలాగే పీలుస్తూ ఉంటే ఊపిరితిత్తులు బిగుసుకుపోతాయి, అప్పుడు దొరికినా ఒకటే దొరక్కపోయినా ఒకటే అన్నాడట. ఇల్లు చూడకుండానే చెప్పాడు, మనిషిని ముట్టుకోకుండానే చెప్పాడు, అలాంటి జోస్యం చెప్పడానికి డాక్టరెందుకు, బస్టాండులో చిలక చాలు.

కానీ మరదలు ఆ చిలక మాటే పట్టుకుంది. సాయంత్రం బస్సుకు చైత్ర తిరిగి పోవాలి, ఈలోగా బూజు దొరికితే బాగుచేయించుకోవచ్చు, నాగవేణి తన ఇంటికి తాను వస్తుంది, దొరక్కపోతే అక్కను ఇక పంపేది లేదని కబురు. నా పెళ్లాన్ని పంపకపోవడానికి నువ్వెవరు అని అరవొచ్చు, అరిచాడు కూడా, కానీ అరిచిన తర్వాత ఆ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆ దగ్గయినా ఉంటే బాగుండేదనిపించింది. ఛీ, ఏం ఆలోచన ఇది.

"పెదనాన్నా, అటక మీద ఉప్పులో ఊరేసిన పనసతొనల జాడీ ఎప్పటిది?"

"ఎప్పటిదైతే నీకెందుకు?"

"ఇందులో ఏదో ఈదుతోంది."

"అయితే బతికే ఉందిగా. మూత పెట్టు."

మంజ నవ్వాడు. వాడి నవ్వు కూడా వాడిలాగే పనికిమాలింది. పనసతొనలట, ఇప్పటి పనసకు ఏముంది రుచి, మూడేళ్లయింది పనసపండు కోస్తే ఇల్లు ఘుమ్మనడం మానేసి, పచ్చగా ఉంటుంది, జిగురుంటుంది, వాసన మాత్రం లేదు, ఏదో మందు కొడుతున్నారు, దొంగ వెధవలు. ఇంగువ సంగతి చెప్పనే అక్కర్లేదు, మైదాపిండి ఉండ కట్టి అమ్ముతున్నారు, చారులో ఎంత వేసినా మట్టినీళ్లే, వెయ్యవే ఇంకాస్త అంటే నాగవేణి వేసేది, ఇంకాస్త వేసేది, ఓసారి అన్నం ముందు కూర్చున్న పురోహితుడు ఒక్క ముద్ద తిని కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు, భక్తి అనుకున్నాం. కాఫీపొడి మార్చి మార్చి చూశాడు, చిక్కమగళూరు నుంచి తెప్పించాడు, గింజలు ఇంట్లో వేయించాడు, లాభం లేదు, నల్లనీళ్లు, ఈ కాలపు కాఫీ అంతే, అవునండీ ఈ మధ్య పొడి బాగుండటం లేదు అనేది నాగవేణి, ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. సంపెంగలు కూడా అంతే, దేవుడి ముందు బుట్టెడు పోసినా గదికి తెలియదు, తొలకరి పడితే లేచే మట్టివాసన, అది కూడా పోయింది, మట్టికే సత్తువ పోయింది, లోకమే చప్పబడిపోయింది, మనుషుల సంగతి సరే, మట్టి కూడా మోసం చేసే రోజులొచ్చాయి, ఇంతటి లోకంలో ఇక ఆ పిల్ల వచ్చి ఏదో కంపు కొడుతోందని వెతకడమా! కంపైనా మిగిలిందా ఈ లోకంలో.

అదిగో, అలమర జరుపుతున్నారు. జరపనీ. నాగవేణి పట్టుచీరలు తీసి చూస్తుంది, అంచుల మీద తెల్లచుక్కలుంటాయి, ఎవరి చీరలకు లేవు ఈ సీమలో, వానలు తగ్గాక ఎండలో వేసి దులిపితే పోయే చుక్కలు, దానికి టార్చిని గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తోందట, అలా వేస్తే ఉబ్బులూ మచ్చలూ తెలుస్తాయట, మంజ ఆహా అంటున్నాడు. చూసుకోండి, అన్ని గదులూ చూసుకోండి, ఈ గదికి రండి ఆఖర్న, ఈ గది గోడ చూస్తే తెలుస్తుంది ఎవరి బుర్ర ఏమిటో. ఇది పడమటి గోడ, అవతల సగం ఆరుబయలు, సగం స్నానాల గది, అక్కడ రాగికాగు కింద వానాకాలమంతా ఆరని పొయ్యి, పగలంతా ఆవిరి, నాన్న రోజుల్లో ఇది మట్టిగోడ, ఏటా వానలకు ముందు వక్కమట్టల తడికలు అల్లి బయట చూరు నుంచి వేలాడదీసేవాళ్లం, జల్లు గోడకు తగలకుండా, ఎంత చాకిరీ అది, నేను వచ్చాక సిమెంటు పూయించి, రంగు వేయించి, తడికలు మానేశాను, సిమెంటు గోడకు తడికలు కడితే చూసినవాళ్లు నవ్వరూ? రంగు పొక్కులు లేచింది. పచ్చగా ఏదో పట్టింది. ఇంకొకడైతే గోల పెట్టేవాడు, నేను తోటకు కొట్టగా మిగిలిన మైలుతుత్తం సున్నం నీళ్లు బక్కెట్టుతో తెచ్చి గోడంతా పూసేశాను, వందడుగుల చెట్టు మీద తెగులును చంపిన మందు పదడుగుల గోడ మీద చంపదా? చంపింది. ఆకాశంలాంటి రంగు తిరిగింది గోడ. దాని మీద టేకుచెక్క లాగా కనిపించే ప్లాస్టిక్ పలకలు, నేల నుంచి పైకప్పు దాకా, ఎవరొచ్చినా తడిమి చూసి టేకేనా అనేవాళ్లు, టేకే అనేవాడిని.

చైత్ర గుమ్మంలోకి వచ్చింది. తలలో బూజు, సాలీళ్లది. వెనక మంజ.

"ఇక మీ గదే మిగిలింది పెదనాన్నా."

"రా తల్లీ రా. గుచ్చు."

గుచ్చింది. పలక మీద ఇక్కడ, అక్కడ, పైన, కింద. యంత్రం నోరు మెదపలేదు. గణపయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు, ఇలాంటి ఘట్టాన్ని పడుకుని చూడకూడదు.

"ఏమంటోంది నీ పెట్టె? మాట పడిపోయిందా?"

"పొడిగా ఉందంటోంది."

"మీ దుర్గంలాగా."

"ప్లాస్టిక్ ఎప్పుడూ పొడిగానే ఉంటుంది పెదనాన్నా. దాని వెనక సంగతి దీనికి తెలియదు." చైత్ర మంచం వైపు చూసింది. "పెద్దమ్మ ఏ పక్క పడుకుంటుంది?"

"గోడ పక్క. ఎందుకు?"

ఆ పిల్ల మెయిన్ ఆపి రమ్మని మంజను పంపింది, పలకకు బిగించిన స్విచ్‌బోర్డు మరలు విప్పింది, బోర్డు పక్కకు లాగి, ఆ కన్నం దగ్గర మొహం పెట్టింది, పెట్టినంత వేగంగా వెనక్కి తీసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "వచ్చి చూడండి," అంది గుడ్డలోంచి. నటన, అనుకున్నాడు గణపయ్య, ఇన్ని గదులు తిరిగి ఏమీ దొరక్క ఇక్కడ నాటకం, సరే, ముక్కంటే ఏమిటో చూడు అని మంచం దిగి, ఆ కన్నం దగ్గర వంగి, కళ్లు మూసుకుని, తోటలన్నీ పసిగట్టిన ఆ పీల్పు పీల్చాడు.

ఏమీ లేదు. చల్లటి గాలి కాస్త తగిలింది. అంతే.

"మైలుతుత్తం వాసన," అన్నాడు. "నేను పూసిందే."

"మైలుతుత్తానికి వాసనేముంటుంది అయ్యా," అని మంజ తానూ వంగాడు, వంగినవాడు గది బయట తేలాడు. "అయ్యయ్యో, లోపల ఏదో చచ్చి మళ్లీ చచ్చింది! ఇంత కంపు మీకు రావడం లేదూ?"

రావడం లేదూ. ఆ మాట గణపయ్య చెవిలో పడి లోపలికి దిగింది, దిగుతూ పోయింది, దారిలో కాఫీ గింజలు వేయించిన పెనం, ఇంగువ డబ్బా, కళ్ల నీళ్లు పెట్టుకున్న పురోహితుడు, బుట్టెడు సంపెంగలు, ఘుమ్మనని పనసపండు, లేవని మట్టివాసన, ఒక్కొక్కటీ పక్కకు తిరిగి అతని మొహంలోకి చూస్తున్నాయి, మూడేళ్లు లోకాన్ని తిట్టాడు, కోమట్లను తిట్టాడు, మట్టిని తిట్టాడు, అవునండీ ఈ మధ్య పొడి బాగుండటం లేదు, అంటే తెలుసా ఆవిడకు, తెలిసే అందా, తెలిస్తే చెప్పొద్దూ, చెబితే ఏమనేవాడిని, నీ మొహం అనేవాడిని, నీ ముక్కుకే ఏదో అయిందనేవాడిని. ఇక్కడ నేను కాస్త ఆగి, మొదట్లో ఆ ముక్కును గురించి చెప్పిన గొప్పలన్నీ సంతోషంగా వెనక్కి తీసుకుంటున్నాను. శేషగిరి తోటలో తెగులు ఆ రోజు ఊరందరికీ తెలుసు, శేషగిరికి తప్ప. గొడుగు చుట్టం చొక్కా మీద చట్నీ ఉంది. చివరి మూడేళ్లుగా ఆ ముక్కు కళ్లజోడు నిలబెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు.

"పలక విప్పండి," అన్నాడు గణపయ్య. గొంతు తనది కాదనిపించింది, అందుకే ఇంకోసారి గట్టిగా అన్నాడు. "విప్పరా మంజా! ఏం చూస్తావు, విప్పు. నా మందు రంగు చూస్తారు."

ముగ్గురూ ముక్కులకు తువ్వాళ్లు కట్టుకున్నారు, చైత్ర కిటికీలన్నీ తెరిచి, గది తలుపు ఇంటివైపు మూసింది. పలక కర్రున లేచింది. వెనక పచ్చదనం. గోడ నిండా, నేల నుంచి పైదాకా, ముదురు పచ్చ, లేత పచ్చ, అక్కడక్కడ నీలం, వానలో తడిసిన తోటలాంటి అందం, గణపయ్యకు ప్రాణం లేచొచ్చింది. "చూశారా!" అని కేక పెట్టాడు, తువ్వాలు పైకెగిరింది. "నా మైలుతుత్తం! ఇన్నేళ్లయినా రంగు పోలేదు! ఎక్కడే బూజు? మీ డాక్టర్ని పిలువు, చూడమను!"

చైత్ర తడి గుడ్డ ముక్క తీసి, ఆ పచ్చదనం మీద ఒక్కసారి నిదానంగా గీసింది. గీసిన దారంతా పచ్చ ఊడొచ్చింది, నూగు, మేకపిల్ల నూగులాంటి నూగు, దాని కింద నలుపు, నలుపు కింద సిమెంటు పిండిలా రాలింది, అతని ఆకాశం రంగు ఎక్కడా లేదు, ఎప్పుడో లోపలికి ఊరిన తడి కడిగేసింది. గోడ నుంచి కొంచెం పొడి లేచి, కిటికీ వెలుగులో తిరిగి, మంచం మీద గోడ పక్కన ఉన్న దిండు మీద వాలింది. మెల్లగా. చూస్తుండగానే.

ఆ దిండు దగ్గర నాగవేణి తల, ఆ తల నా వైపు కాక గోడ వైపు తిరిగి ఉండేది, దగ్గితే నాకు నిద్ర చెడుతుందని గోడ వైపు తిరిగి దగ్గేది, దగ్గి దగ్గి గట్టిగా ఊపిరి తీసుకునేది, ఇక్కడి నుంచి, ఈ కన్నం నుంచి, ఈ నూగు నుంచి, నేను పూసి, నేను మూసి, టేకే అని చెప్పిన ఈ గోడ నుంచి, కోట మెట్లు ఎక్కానండీ అంటే ఆ గాలిలో ఏముందే అన్నాను, మొగుడి మొహం చూస్తే వచ్చే దగ్గనుకున్నాను, మొహం కాదట, గోడ, గోడట, అయ్యో, గోడేనా, గోడైతే పడగొట్టొచ్చు. ఛాతీ మీద ఇన్నాళ్లు కూర్చున్నది లేచి పోయింది. అది ఖాళీ చేసిన చోట ఇంకేదో వచ్చి కూర్చుంది, ఇది ఇంకా బరువు.

"పెదనాన్నా, బయటికి రండి. మీరూ పీలుస్తున్నారు." చైత్ర గొంతులో వెటకారం లేదు. అది అతనికి నచ్చలేదు, దుర్గం వాళ్లకు జాలి కూడా ఒకటి. "ఈ పలకలన్నీ తీసెయ్యాలి, పూత చెక్కించాలి, గోడ పూర్తిగా ఆరాలి. ఈ వానల్లో ఆరదు. బయట మళ్లీ తడికలు కట్టాలి."

"నవ్వుతారు."

"నవ్వనీండి."

అరుగు మీదికి వచ్చారు. చైత్ర ఫోన్ కలిపి పెద్దమ్మకు సంగతంతా చెప్పి, ఇదిగో మాట్లాడండి అని అతని చేతికిచ్చింది. వాన చప్పుడులో నాగవేణి గొంతు చిన్నగా వినిపించింది.

"దొరికిందటగా. రేపటి బస్సుకు వచ్చెయ్యనా మరి? వంటింట్లో పడుకుంటాను, ఏమవుతుంది?"

రమ్మనడానికి నోరు తెరిచాడు గణపయ్య. రెండు వారాలుగా ఆ ఒక్క మాట కోసమే కాచుకుని ఉన్నాడు.

"వద్దు," అన్నాడు. "గోడ ఆరేదాకా వద్దు."

"అంత ఎక్కువుందా? మీకు వాసన తెలిసిందా?"

"తెలియలేదే. నా ముక్కు పోయింది. మూడేళ్లయింది పోయి, కాఫీ మంచిదే, తప్పు నాది," అన్నాడు గణపయ్య, అని అరుగు స్తంభానికి ఆనుకుని, ఏటి వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఇందులో చెప్పినదంతా జరిగిందే, ఉయ్యాల కింద పుట్టగొడుగులతో సహా. నేను కల్పించింది ఒక్కటే, ఆ చివరి జవాబు. ఆ మనిషి నోట అలాంటి మాట వస్తుందని నమ్మితే మీకు మా గణపయ్య తెలియనట్టే. మీకు వాసన తెలిసిందా అని ఆవిడ అడిగితే, ఏ వాసనా తెలియని ఆ ముక్కు మీద తువ్వాలు సర్దుకుని, "తెలియకపోవడమేమిటి? ఇల్లంతా భరించలేని కంపు. నువ్వసలు ఈ చుట్టుపక్కలకే రావద్దు," అని ఫోన్ పెట్టేసి, గునపం ఎక్కడరా అని మంజ మీద అరిచాడు.